చెరువు గట్టు మీంచి పెళ్లిపీటల మీదికి

మున్సిపల్ కమిషనర్ హరిబాబుగారికి రెండు జడలు వేయడం బాగా వచ్చు. భార్య రత్నమాణిక్యం గవర్నమెంటాసుపత్రిలో నర్సు. ఆవిడకి పొద్దుటి డ్యూటీ పడిన వారమంతా కూతురు రామతులసికి తల దువ్వి, పాపిడి తీసి, రిబ్బన్లు కట్టే పని ఆయనదే. జడలేస్తూనే భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడేవారు. "మూడో వార్డుకి ట్రాక్టరు ఇంకా వెళ్లలేదేంటయ్యా?" అని అక్కడ గదమాయిస్తూ, "తల కదపకమ్మా" అని ఇక్కడ బతిమాలుకునేవారు. స్కూల్లో ఎవరైనా తులసి జడలు చూసి మీ అమ్మ భలే వేసిందే అంటే, మా నాన్నగారు వేశారని చెప్పుకోవడం ఆ పిల్లకి మహా గొప్ప.

ఆయన పుట్టింది లస్కరు ఇంట్లో. కాలువ లాకుల తలుపులు ఎత్తడం, దించడం వాళ్ల నాన్న ఉద్యోగం. హరిబాబుగారు డిగ్రీ చదివి, మున్సిపాలిటీలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ఒక్కో మెట్టే ఎక్కుతూ నలభై దాటాక కమిషనర్ అయ్యారు. తునికి బదిలీ వేసినా, ఇంకెక్కడికి వేసినా కాపురం మాత్రం రామచంద్రపురం నుంచి కదపలేదు. పొద్దున్నే బస్సెక్కడం, ఏ బస్సు దొరికితే దానికి తిరిగి రావడం. ఇంట్లో అందరూ కలిసి అన్నం తినకపోతే ఆయనకి ఆ రోజు పూర్తయినట్టే ఉండేది కాదు.

తులసి పెళ్లి ఎనిమిదేళ్ల కిందట, ఏప్రిల్‌లో. ముహూర్తం ఉదయం పది నలభై రెండుకి. అప్పుడాయన రామచంద్రపురానికి గంట దూరంలో ఉన్న ఒక టౌనుకి కమిషనరు. సరిగ్గా ఆ వారమే కాలువలు కట్టేశారు. డెల్టాలో ఏటా ఉండేదే. దాళ్వా, అంటే రెండో పంట, కోతల వేళకి కాలువలు కట్టేస్తే, మళ్లీ జూన్‌లో వదిలేదాకా టౌను జనానికి మంచినీళ్ల చెరువులో నింపుకున్న నీళ్లే దిక్కు. ఆ చెరువు నిండేదాకా హరిబాబుగారికి కంటిమీద కునుకుండేది కాదు. నిండింది. నిండిందని చూసుకున్నాకే నాలుగు రోజులు సెలవు పెట్టి పెళ్లిపనుల్లో పడ్డారు.

పెళ్లినాడు పొద్దున్న ఆరింటికి కల్యాణమండపంలో తులసికి పారాణి పెడుతుంటే ఫోనొచ్చింది. మున్సిపాలిటీ ఫిట్టరు అబ్బులు. చెరువు గట్టు అడుగు నుంచి పక్క వరిచేలోకి నీళ్లు వచ్చేస్తున్నాయని.

హరిబాబుగారు కూతురి ముందుకొచ్చి నిలబడ్డారు. "అమ్మడూ, ఒక్కసారి వెళ్లి చూసొచ్చేస్తాను. పదికల్లా ఇక్కడుంటాను."

"ఇవాళ కూడానా నాన్నగారూ?"

"గట్టు తెగితే ఊరంతా నెలన్నర గుక్కెడు నీళ్లకి..."

"మీకు ఊరే కూతురు, నేను కాదు. రాకపోయినా పర్లేదు లెండి. కన్యాదానానికి బాబాయి కూర్చుంటాడు."

అన్నాక నాలిక కరుచుకుంది. అప్పటికే ఆయన మెట్లు దిగిపోయారు.

గౌరీపూజ అయింది. తొమ్మిదిన్నర అయింది. హరిబాబుగారికి చేస్తే ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. పెద్దవాళ్లు చెవులు కొరుక్కుని, హరిబాబుగారి తమ్ముడు గణేష్‌బాబుకి పట్టుపంచె కట్టించారు. ఆయన ఆ పంచెలో ఇబ్బందిగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. పంతులుగారు పది నిమిషాలకోసారి వాచీ చూసుకుంటున్నారు. తులసి తలొంచుకుని కూర్చుంది. ఏడిస్తే కాటుక పాడవుతుందని పక్కనున్నవాళ్లు బతిమాలుతున్నారు.

పదీ ఇరవైకి జీపు వచ్చి ఆగింది. హరిబాబుగారు మోకాళ్ల దాకా బురదతో దిగారు. రత్నమాణిక్యం ఒక్క మాట కూడా అడక్కుండా ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి, తనే రెండు బిందెలు నెత్తిమీద గుమ్మరించింది. తడి జుట్టుతోనే వచ్చి పీటల మీద కూర్చున్నారు. పెళ్లికొడుకు ప్రసన్నకుమార్ కాళ్లు కడిగి, కూతురి చేతిని అతని చేతిలో పెట్టారు. ఆ వేళ్ల గోళ్లలో ఇంకా బంకమట్టి ఉండడం తులసి చూసింది.

"చిన్న లీకేజీయేనమ్మా" అన్నారాయన మెల్లిగా.

తాళి కట్టడం, తలంబ్రాలు అయ్యాక మధ్యాహ్నం మళ్లీ ఫోనొచ్చింది. బయటికెళ్లి మాట్లాడి వచ్చి, "మాణిక్యం, ఆకలి దంచేస్తోంది" అన్నారు. కన్యాదాతగా ఉపవాసం ఉన్న మనిషి, పులిహోర దగ్గర మొదలుపెట్టి పెరుగన్నం దాకా ఏదీ వదల్లేదు.

ఆ తర్వాత రెండేళ్లకి రిటైరయ్యారు. రత్నమాణిక్యాన్ని వెంటేసుకుని ఊళ్లు తిరిగారు, మనవరాలికి సైకిల్ నేర్పారు. మొన్న ఫిబ్రవరిలో భోంచేసి, పడక్కుర్చీలో పేపరు చదువుతూ అలాగే వెళ్లిపోయారు. నొప్పి లేదు, ఆసుపత్రి లేదు. అందరూ అదృష్టవంతుడన్నారు. తులసీ అలాగే అనుకోవాలని చూసింది. కానీ పెళ్లినాడు తానన్న మాటకి ఏనాడూ క్షమాపణ చెప్పుకోలేదు. ఆయనా ఏనాడూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు చెప్పుకుందామన్నా ఆయన లేరు.

పెద్దకర్మ రోజున అబ్బులు వచ్చాడు. వాళ్లది ఉప్పాడలో చేపలు పట్టే కుటుంబం. ఇల్లు సముద్రంలో కలిసిపోయాక మున్సిపాలిటీలో పనికి చేరాడు. వరండాలో తల్లీకూతుళ్ల ఎదురుగా కూర్చుని, సారు ఫొటో వంక చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టాడు.

"ఆ చెరువు సంగతి మీకు చెప్పారాండి?"

"చిన్న లీకేజీ అన్నారు" అంది తులసి.

"చిన్నదాండి! నా చెయ్యంత లావు ధార. మా ఇంజినీరుగారు మిషన్ పెట్టి గట్టు తవ్వుదామన్నారు. తవ్వితే మొత్తం పోద్దని సారు ఒప్పుకోలేదు. రైసు మిల్లు నుంచి నాలుగు బస్తాల ఊక తెప్పించి చెరువు నీళ్ల మీద చల్లించారండి. లాకుల దగ్గర మా నాన్న ఇలాగే కనిపెట్టేవాడు, చూస్తూ ఉండు అన్నారు. ఊకంతా తేలుకుంటూ పోయి, ఒక్కచోట గిర్రున తిరిగిందండి. బొరియ అక్కడే. నేను దూకాను. కాలు లోపలికి లాగేసింది. ఈయన మోకాళ్ల లోతులో నిలబడి బంకమట్టి బస్తాలు అందిస్తుంటే, మూడు మునకల్లో వాటిని బొరియలో కుక్కేశానండి."

అబ్బులే మళ్లీ అందుకున్నాడు. "తొమ్మిదింటికి ధార తగ్గింది గానీ ఆగలేదు. ఆగిందో లేదో చూడకుండా ఎలా వెళ్లనురా అంటారు. నాకు కోపమొచ్చి, సార్, చెరువుకి మేం ఇరవై మందిమున్నాం, ఆ పిల్లకి మీరొక్కరేనండి, ఎక్కండి జీపు అన్నాను. మధ్యాహ్నానికి బొట్టు లేదండి, పూర్తిగా ఆగిపోయింది. అప్పుడే ఫోన్ చేశాను."

తులసి అడిగింది. "ఆ రోజు నా మీద బాధపడ్డారా అబ్బులుగారూ? నేను చాలా మాటలన్నాను."

"బాధా?" అబ్బులు తల అడ్డంగా ఊపాడు. "వచ్చీ రాగానే చెప్పారండి, నవ్వుకుంటూ. మా అమ్మాయి తిట్టి పంపిందిరా, నేను వస్తానన్న నమ్మకం లేకపోతే అంత కోపం రాదు కదా అన్నారు. జీపెక్కుతూ కూడా అదే మాట. ఆలస్యమైతే మళ్లీ తిడుతుందిరా అని."

తులసి మొహాన్ని కొంగుతో కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని తల్లి చెయ్యి వేసి చూస్తే నవ్వుతోంది, కళ్ల నిండా నీళ్లతో. అది చూసి రత్నమాణిక్యానికీ నవ్వొచ్చింది, ఇన్ని రోజుల తర్వాత.

"రెండు బిందెలు కాదే" అందావిడ, "మూడు పోయాల్సింది ఆ బురదకి."

విస్తళ్లు వేశారు. తులసి అబ్బులుకి తనే వడ్డించి, ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

"మీరు తింటూ ఉండండి. తిన్నాక ఆ ఊక చల్లిన దగ్గర్నుంచి మళ్లీ చెప్పాలి. మా ఆయన కూడా వింటారు."

"ఆయ్, అలాగేనండి" అని అబ్బులు అన్నం కలుపుకున్నాడు.