బాగున్న కాలికి ఏ దెబ్బ తగిలింది?

తొడ ఎముక విరిగి, రాజమండ్రిలో ఆపరేషన్ చేయించుకుని పాలకొల్లులో అత్తారింటికి వచ్చాక అక్క కోరుకున్నది ఒక్కటే: ఎవరి భుజమూ పట్టుకోకుండా బాత్రూముకి వెళ్ళాలి. దానికి అడ్డుపడింది ఎముక కాదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాకర్ పట్టుకుని రోజూ నిలబడమని డాక్టరు గారు చెప్పి పంపారు. ఇంట్లో మాత్రం పత్యం మొదలైంది. కారం లేని చారన్నం, కాల్చిన అప్పడం. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందట, గుడ్డు వేడి చేస్తుందట. చూడటానికి వచ్చినవాళ్ళు బత్తాయిల సంచి పక్కన పెట్టి, అక్క కాస్త లేవబోతే చాలు, భుజాలు పట్టి పడుకోబెట్టేవారు. అదే ప్రేమ అనుకునేవారు.

నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను, దేన్నయినా కొలవందే నమ్మను. మోకాలి చిప్పకు జానెడు పైన గుర్తు పెట్టి, వెళ్ళినప్పుడల్లా దర్జీ టేపుతో రెండు తొడలూ కొలిచాను. విరిగిన కాలు సన్నబడుతుందని ఎవరైనా అంటారు. బాగున్న కాలు కూడా రెండు సెంటీమీటర్లు తగ్గింది. దానికి ఏ దెబ్బ తగిలిందని?

కండరాల మీద జరిగిన పరిశోధనలు ఫోన్లో దొరికినంత చదివాను. వాడని కండ తొందరగా కరుగుతుంది, తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది, వయసు మళ్ళితే మరీను. దానికి మాంసకృత్తులూ కావాలి, పనీ కావాలి. మేము రెండూ ఆపేశాం.

ఎముక అతుక్కుంటోందని ఎక్స్‌రే చూసి అందరూ సంతోషించిన రోజే, అక్క మంచం దిగబోయి కూలబడింది.

"చూశారా, ఇంకా పడుకోవాలి," అన్నారు అక్క వాళ్ళ అత్తగారు.

"పడుకునే ఇలా అయ్యిందండి అత్తయ్యగారూ. కావాలంటే టేపు చూడండి."

"మా కాలంలో టేపులున్నాయేంటి? ఈ పత్యంతోనే నలుగుర్ని కన్నాను."

"కన్న కొన్నాళ్ళకే గేదె పాలు పితికారటగా! మిమ్మల్ని ఎవరు పడుకోనిచ్చారండి?"

"అమ్మో, ఈ అబ్బాయి నోరు!" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అక్క నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసి, "ఒరే, రోజూ నన్ను ఇంకొకరు కడుగుతుంటే ఎలా ఉంటుందో నీ టేపు చెప్తుందా?" అంది. నేను టేపు చుట్టి జేబులో పెట్టుకుని, అత్తయ్యగారి వెనకే వంటింట్లోకి వెళ్ళాను.

ఆ సాయంత్రమే కంచంలో పప్పు పడింది, గుడ్డూ వచ్చింది. కుట్లు వేసిన చోట చీమూ పట్టలేదు, ఏమీ కాలేదు. ఫిజియోథెరపీ ఆవిడ వచ్చి కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం నేర్పింది. అయినా పోయిన కండ పూర్తిగా రాలేదు. అది ఎముక విరిగినందుకు పోయింది కాదు, మా మంచితనానికి పోయింది.

అక్క ఇప్పుడు వాకర్‌తో తనే బాత్రూముకి వెళ్తుంది. "అయ్యో, ఉండండి, పట్టుకుంటాం" అని ఎవరైనా లేచేలోపే లోపలినుంచి గడియ పెట్టేసుకుంటుంది.