అమ్మ కాగితంలో ఒక్క మాట

మా చర్చిలో ఒక అలవాటుండేది. ఏడాది ఆఖరి రోజు మధ్యాహ్నం అందరం చేరి, రాబోయే ఏడాదిలో ఏం చెయ్యదలచుకున్నామో, దేవుణ్ణి ఏం అడగదలచుకున్నామో కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అతికించి పాస్టరుగారికి ఇచ్చేవాళ్ళం. ఆయన వాటిని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేవారు. మళ్ళీ ఏడాది అదే రోజున ఎవరి కవరు వాళ్ళ చేతికిచ్చేవారు. పాతది చదువుకున్నాకే కొత్తది రాయాలి. ఈ విషయంలో ఆయనది ఉడుంపట్టు. చదవకుండా జేబులో కుక్కుకునేవాళ్ళని పేరు పెట్టి పిలిచి మరీ విప్పించేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక డిసెంబరు ఆఖరున, ఆయన నా చేతిలో రెండు కవర్లు పెట్టారు. ఒకటి నాది, ఇంకోటి అమ్మది. అమ్మ పోయి అప్పటికి ఐదు నెలలు. అది నాకివ్వకుండా ఏ పొయ్యిలోనో పడేస్తే ఆయన సొమ్మేం పోయిందని ఒళ్ళు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఏడాది అది అక్కణ్ణుంచి దిగనేలేదు.

ముందు నాది విప్పాను. మూడు రాసుకున్నాను. డీఎస్సీ గట్టెక్కి టీచరు ఉద్యోగం తెచ్చుకోవాలి. కట్టెల పొయ్యి తీసేసి ఇంట్లో గ్యాసు పెట్టించాలి. కోపం తగ్గించుకోవాలి. మొదటి రెండూ నెరవేరాయి. మునగపాక దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది, దసరా వెళ్ళాక గ్యాసు కూడా వచ్చింది. దాని మీద అమ్మ ఒక్కరోజైనా టీ కాచుకోలేదు. మూడోదాని సంగతి ఇందాకే చెప్పాను.

అమ్మ కవరు విప్పడానికి చేతులు రాలేదు. అమ్మకి చదువు రాదు. బెల్లం మార్కెట్లో పని చేసేది, ఎప్పుడు దగ్గర కూర్చున్నా చీర బెల్లం వాసన వేసేది. ఆవిడ కాగితం ఏటేటా నేనే రాసేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ పని నాకు మహా చికాకు. అమ్మ ఏ మాటా నేరుగా చెప్పేది కాదు, ఎక్కడెక్కడో మొదలుపెట్టేది. పైగా కిందటేడాది నా సంచిలో డీఎస్సీ పుస్తకం ఉంది, ఎప్పుడు ఇంటికెళ్ళి తెరుద్దామా అని ఉంది.

విప్పాను. లోపల నా గుండ్రటి అక్షరాల్లో ఒకటే మాట. ఆరోగ్యం. కింద అమ్మ సంతకానికి బదులు వేసుకున్న శిలువ గుర్తు, కొంచెం పక్కకి ఒరిగి.

ఆ గుర్తు చూశాక ఆ రోజంతా కళ్ళముందుకొచ్చింది. చాప మీద నా పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించి చెప్పింది. "కుడిపక్క డొక్కలో నొప్పెడతందే. వానలకాలం కాడ్నుంచి. అన్నం తింటే ఇంకా ఎక్కువవుతంది. ఒకోరోజు బెల్లం దిమ్మ ఎత్తలేకపోతన్నాను. అదీ రాయి."

"దేవుడికి అంత వివరం అక్కర్లేదే అమ్మా, ఆయనకి అన్నీ తెలుసు" అన్నాను, పెద్దగానే. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేను ఆరోగ్యం అని రాసి కవరు అతికించేశాను. ఇంటికెళ్ళి పుస్తకం తీశాను. ఇంట్లో నోరు తెరిచి చెప్పలేని మాట దేవుడి పేరు పెట్టి నాకు చెప్పుకుందని నాకు తట్టనే లేదు. అమ్మ ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

జూన్‌లో వైజాగ్ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి అమ్మ సగమైపోయింది. ఎన్నాళ్ళనుంచి నొప్పని డాక్టరు అడిగారు. అమ్మ ఆయన వైపు కాదు, నా వైపు చూసింది. "మొన్నీమద్దే బాబూ. పదిరోజులవుద్దేమో" అంది. ఇంత ముదిరేదాకా ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నారని ఆయన నన్ను గదమాయిస్తే, పదిరోజులే కదండీ అని ఆయనతో పోట్లాడాను. అమ్మ చెప్పింది నమ్మాను. చర్చిలో నాకు చెప్పిందన్న సంగతే మర్చిపోయాను. అమ్మ మర్చిపోలేదు. నన్ను కాయడానికి అంత నొప్పిలోనూ అబద్ధమాడింది.

ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు, నా మీద నాకు అసహ్యం వేసింది. పాస్టరుగారు కొత్త కాగితాలు పంచుతూ వచ్చి నాకూ ఒకటి ఇచ్చారు. నేను ఏం అడగాలో, ఏం చెయ్యాలనుకోవాలో తెలియలేదు. అది తెల్లగానే ఉండిపోయింది.

పక్కనున్న మామ్మ నా మోచెయ్యి తట్టింది. అమ్మతో మార్కెట్లో పని చేసిన మనిషే. "నాకూ రాసెట్టే గుంటా. ఇన్నాళ్ళూ మా మనవరాలు రాసేది. దానికి పెళ్ళైపోయి నాతవరం ఎల్లిపోనాది" అంది. కాగితం తీసుకున్నాను. పెంకుటింటి కప్పు కారడంతో మొదలుపెట్టి కోళ్ళ మీదికెళ్ళింది, కోళ్ళ మీంచి కోడలి మీదికొచ్చింది, చివరికి చెయ్యి నడుం మీద వేసుకుని ఆగిపోయింది. నా మొహంలో ఏం కనిపించిందో మరి.

"విసుగొత్తందేటే? పోన్లే, ఆరోగ్యం అని రాసెయ్, సాలు."

"కాదు మామ్మా" అన్నాను. "ఎక్కడ నొప్పో సెప్పు. ఎప్పట్నుంచో సెప్పు."