మా తమ్ముడి గాలి ఉద్యోగం

ఇవాళ మా తమ్ముడు పనిచేసే యార్డులోని లారీలన్నీ ఎముకలు కొరికే చలిలోనూ ఒక్క తిప్పుకే స్టార్టు అందుకుంటున్నాయంటే, అది వాడి చలవే. చెబుతున్నది సొంత అక్క కదా అని కొట్టిపారేయకండి. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతే గానీ, ఉన్న మాట రాయడానికి అంతకన్నా చదువు అక్కర్లేదు. కొత్త డ్రైవర్లకు పని నేర్పేది వాడే. పక్క యార్డు మెకానిక్ మేస్త్రీలు సలహాకు వచ్చేదీ వాడి దగ్గరికే. పేరు రాసిన కుర్చీ ఉన్నది అక్కడ వాడొక్కడికే.

మొదట్లో ఇలా లేదు. ముప్పై దాటేలోపు కుట్టుపని, వడ్రంగం, రంగులపని అన్నీ పట్టాడు, అన్నీ వదిలాడు. వాడి అత్తగారు నోరారా 'గాలోడు' అనేది. యార్డు గేటు దగ్గర నాకు టీ కొట్టు ఉండేది. అక్కడికి వచ్చే యార్డు యజమానురాలిని పట్టుకుని, నా పూచీ మీద వాణ్ణి లారీల ఎయిర్ ఫిల్టర్లు దులిపే పనిలో పెట్టించాను. చలికాలం గడిచేదాకా చూసి, పనికొస్తే ఉంచుతానంది.

"వదినా, చివరికి గాలి పనే దొరికిందా?" అని మా మరదలు పడిపడి నవ్వింది.

నవ్వితే నవ్వింది గానీ, ఇదీ పోతే పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతానని తేల్చి చెప్పింది. ఆ భయంతో వాడు పని మీద పడ్డాడు. దులపమంటే దులిపి ఊరుకోలేదు. పాల లారీ ఫిల్టరు మరీ నల్లగా ఉందని సబ్బు పెట్టి కడిగి, పైపైన తుడిచి, సాయంత్రం బిగించేశాడు. లోపలిది మడతలు పెట్టిన కాగితమని, నీళ్ళు పీల్చుకుంటుందని వాడికి తట్టలేదు.

తెల్లారేసరికి మంచు పేరుకుపోయింది. పాల లారీ ఎంత తిప్పినా దగ్గుతుందే తప్ప అందుకోదు. డ్రైవరు బ్యాటరీని తిట్టాడు, డీజిలు పోసిన బంకును తిట్టాడు. మా తమ్ముడు ఫిల్టరు డబ్బా విప్పి చూశాడు. మడతల మధ్య నీళ్ళు గడ్డకట్టి, ఫిల్టరు రాయిలా ఉంది. ఇంజినుకు గాలి అందే దారే లేదు. మూత పెట్టేసి ఊరుకుంటే నింద బ్యాటరీ మీదికే పోయేది. టీ గ్లాసులు పట్టుకుని నేనక్కడే ఉన్నాను, వాడి ముఖంలో రంగులు మారడం చూశాను.

ఫిల్టరు చంకలో పెట్టుకుని నేరుగా యజమానురాలి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మగారూ, బ్యాటరీ మంచిదే. ఫిల్టరు నేనే కడిగాను, ఆరకముందే పెట్టాను."

ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఉతికి జాడించావు సరే, పిండలేదేం?"

"పిండితే చిరుగుతుందనిపించిందండీ."

డ్రైవరు పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. పాలు ఎలా పంపుతావో నువ్వే చెప్పమంది. గేర్‌బాక్సు విప్పి మూలన పెట్టిన లారీకీ ఇదే రకం ఫిల్టరు ఉంది. అది పొడిగా ఉండటం చూసి పరుగున తెచ్చి బిగించాడు. డ్రైవరు మళ్ళీ గిర్రున తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపి, ఇంజినును హీటరు వెచ్చబెడుతున్నంతసేపూ స్టీరింగు ముందు వెలిగే దీపం ఆరేదాకా ఆగమన్నాడు. వీడొక పెద్ద మేస్త్రీ బయల్దేరాడని డ్రైవరు వెటకారంగా గొణిగాడు, ఆగడం మాత్రం ఆగాడు. దీపం ఆరింది. బండి ఒకసారి తుమ్మి, తెల్లటి పొగ వదిలి, అందుకుంది.

లారీ గేటు దాటాక, ఇక పొమ్మంటుందని మా తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యజమానురాలు మిగిలిన బండ్ల వైపు చూసింది.

"వీటిలో ఎన్నిటికి స్నానం చేయించావు?"

"ఇంక దేనికీ లేదండీ."

"అయితే రేపు పెందలాడే రా. స్టార్టు చేసేముందు అన్నిటినీ నువ్వే విప్పి చూడాలి."

ఆ మాట పూర్తయ్యేలోపే వాడు మా మరదలికి చెప్పాలని గేటు దాటేశాడు. వాడి టీ కూడా నేనే తాగేశాను.