సత్యంగారి చెవుల్లో మోత లేదు

మామిడికుదురు సత్యంగారి కారుకు టైమింగ్ చైన్ మార్చినది నేనే. నెల తిరగకుండానే ఇంజన్‌లో గలగల చప్పుడు మళ్లీ మొదలైందని ఆయన అమలాపురంలోని నా షెడ్డుకు మూడుసార్లు వచ్చారు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే మూడు సెకన్లు వస్తుందట; షెడ్డు చేరేసరికి ఇంజన్ వేడెక్కి ఏమీ వినిపించదు. రాత్రి కళాశాలలో డిప్లొమా పొందినవాడిగా, అది ఆయన చెవుల్లో మోత అని నిర్ధారించాను.

నాలుగోసారి కబురు రాగా, ఈ ఉదయం ఆరింటికి నేనే వారింటికి వెళ్లాను. వాకిట్లో ఇంజన్ నడుస్తోంది.

"తమర్ని నిలబెట్టకూడదని ఐదున్నరకే స్టార్ట్ చేసి ఉంచేనండీ, ఆయ్."

అది చల్లారేలోగా పెసరట్లు, భోజనం అయ్యాయి. రెండింటికి స్టార్ట్ చేయించాను. గలగల స్పష్టంగా వినిపించింది. ఇంజన్ ఆపగానే ఆయిల్ అంతా కిందికి జారిపోతోంది; స్టార్ట్ చేశాక అది మళ్లీ పైకెక్కేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటోంది. కారణం చైన్‌తో పాటు నేను బిగించిన నాసిరకం ఆయిల్ ఫిల్టరే. ఆ మాటే చెప్పాను.

"పోన్లెండి. నా చెవులు బానే ఉన్నాయని మా ఆవిడతో ఓ మాట చెప్పండి, చాలు."

వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను. అంతకంటే చైన్ మార్చడమే సులువు.

మెకానిక్ వస్తున్నాడని బండిని ముందే వేడిచేసి ఉంచే మర్యాదస్తులు మీలో ఎందరున్నారో తెలియజేయగలరు.