శెనక్కాయ మూటల వెనక యూదు రచయిత

అనంతపురంలో డిగ్రీ చదువుతున్న ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. నాటకం ప్రపంచాన్ని మారుస్తుందని ఒకటి, ఆ నాటకం రాయవలసినవాణ్ణి నేనేనని రెండోది. ఆ వయసులో ఒక్కొక్కరికి ఒక్కో తిక్క ఉంటుంది. కొందరు జుట్టు పెంచుతారు, కొందరు ప్రేమిస్తారు, నేను పాటలు రాసేవాణ్ణి. (జుట్టు కూడా పెంచాను, మా నాయన ఉండనివ్వలేదు.) అప్పుడే ఎక్కడో దూరదేశపు యూదు రచయిత ఒకాయన బతుకు గురించి చదివాను. యూదుడిగా పుట్టిన పాపానికి ఆయన పుస్తకాలను నడివీధిలో తగలబెట్టారట. ఆయన ఒక రొట్టెల దుకాణంలో, పిండి బస్తాల వెనక దాక్కుని, కలం చప్పుడు బయటికి వినిపిస్తుందేమోనని భయపడుతూ రాసేవాడట. చివరికి సైనికులొచ్చి పట్టుకుపోయారు, ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. అది చదివాక నాకు అన్నం సయించలేదు. (మా అమ్మ దిష్టి తీసింది.) ఆయన కథను పాటల నాటకంగా రాసి ఊరూరా ఆడాలని, ఆ చివరి ఘట్టంలో జనాన్ని ఏడిపించాలని ఒట్టు పెట్టుకున్నాను.

సంగీతానికి మా మేనమామ దొరికాడు. కల్యాణదుర్గం చుట్టుపక్కల ఏ ఊళ్ళో పౌరాణికం ఆడినా హార్మోనియం పెట్టె ఆయనదే కాబట్టి అందరూ పెట్టె మామ అనేవారు. నా పాటలన్నీ విని, "బాగుండాయిరా, రాగం ఒగటి తక్కువ" అన్నాడు. రచయిత వేషానికి మా క్లాసు పొడుగోణ్ణి పెట్టాం. పట్టుకుపోయే సైనికాధికారి వేషానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆ పాపం నేనే మూటగట్టుకున్నాను. వాచ్‌మన్ పనిచేసే మా చిన్నాన్న చలికాలపు కోటు అడిగి తెచ్చుకుని, ఎర్రటి ఎండలో తొడుక్కుని రిహార్సలు చేశాను.

ఆ ఏడు వాన మొండికేసింది. మా వైపు వాన మొండికేస్తే అజ్ఞాతవాసం నాటకం ఆడించడం ఆనవాయితీ. రాజ్యం పోయిన అన్నదమ్ములు మారువేషాల్లో ఏడాదిపాటు దాక్కుని, గడువు తీరేదాకా దొరక్కుండా బయటపడితే ఇక్కడ చెరువులు నిండుతాయని నమ్మకం. ఒక ఊరి పెద్దన్న ఆ నాటకం కోసమే పెట్టె మామ దగ్గరికి వచ్చాడు. మామ బృందంలో వేషగాళ్ళు సగంమంది బెంగళూరుకు పనులకు వెళ్ళిపోయారు. మామ నావైపు చూసి, పెద్దన్నతో, "ఈ పిల్లోళ్ళ నాటకముండాది. ఇదీ దాక్కునే కథే" అన్నాడు.

"అజ్ఞాతవాసమేనా?"

"అట్లాంటిదే. రాసేటాయన దాక్కోనుంటాడు, పగోళ్ళు దేవులాడ్తాంటారు."

"చెడ్డోడు ఉండాడా?"

"ఉండాడు, వీడే" అని మామ నన్ను చూపించాడు. పెద్దన్న నన్ను కింది నుంచి పైదాకా చూసి, సరేనన్నాడు. కథ ఎట్లా ముగుస్తుందో ఆయన అడగలేదు. వేదిక దొరికిన సంబరంలో నేనూ చెప్పలేదు.

రెండు ట్రాక్టర్ ట్రాలీలు కలిపి వేదిక కట్టారు. పిండి బస్తాలకు బదులు శెనక్కాయ పొట్టు నింపిన మూటలు పేర్చి, పక్కన ఒక మంచం వేసి, వెనక తెర కట్టారు. పొద్దు వాలగానే మొదలుపెట్టాం. పొడుగోడు మూటల వెనక నక్కి, 'నేనిక్కడ లేను' అన్న పాట ఎత్తుకున్నాడు. (పాదాలు మాత్రం బయటే ఉన్నాయి, అంత మనిషికి మూటలు చాలలేదు.) సరిగ్గా అప్పుడే పడమట నిజమైన మబ్బొకటి లేచింది. జనం సగం మా వైపు, సగం ఆకాశం వైపు చూశారు. దూరంగా ఉరిమింది. "వన్స్ మోర్!" అని ఊరంతా అరిచింది. మామ మళ్ళీ వాయించాడు. మబ్బు ఇంకాస్త దగ్గరికి వచ్చింది. మళ్ళీ వన్స్ మోర్.

ఇక నా ప్రవేశం. కోటు సర్దుకుని మూటల వైపు అడుగు వేశానో లేదో, పెద్దన్న లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, యాడికి పోతాండావు?"

"ఆయన్ను పట్టుకోవల్లన్నా. కథ అట్లుండాది."

"గడువు తీరకముందే దొరికితే మళ్ళా పన్నెండేండ్లు అడివేనంట కదా. మేము ఇంగా పన్నెండేండ్లు కరువు పడల్లనా?"

నేను మామ వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూస్తూ అదే పాట నాలుగోసారి ఎత్తుకున్నాడు. పెట్టె మోగుతుండగా వేషగాడు మాట్లాడకూడదు, అది మా వైపు కట్టుబాటు. చేసేదేమీ లేక మంచం కింద వెతికాను, తెర వెనక వెతికాను. ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ, "ఆడ లేడు నాయనా. మొన్ననే బళ్ళారి బస్సెక్కినాడు" అంది. తక్కిన ఆడవాళ్ళంతా అవునన్నారు. పొడుగోడు పాదాలు లోపలికి లాక్కున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నవ్వులాటకు రాసిన కథ కాదది. పెట్టె ఆగిన సందు చూసి, వేషం సంగతి మరిచి, "అవ్వా, ఆయన నిజంగానే దొరికిపోయినాడు. చంపేసినారు" అన్నాను.

అవ్వే అడిగింది. "దాపెట్టినోళ్ళు లేకపోయిరా?"

"ఉండిరి. ఇంగెవురో చెప్పేసినారు."

"మేమైతే చెప్పం" అంది అవ్వ. "మా ఇంట్లో ఇంతకన్నా పెద్ద మూటలుండాయి. పాపం, ఈడికొచ్చింటే బతికిపోతుండె." తర్వాత నా కోటు వైపు చూసి, "నువ్వు పో నాయనా. యాడా లేడని చెప్పు పో" అంది.

నేను వెళ్ళిపోయాను. ఎడమవైపు నుంచి దిగి, ట్రాలీ చక్రం పక్కన కూర్చుని, జనాన్ని ఏడిపించాలని వచ్చినవాణ్ణి నేనే వెక్కివెక్కి ఏడ్చాను. నాలుగు చినుకులు పడ్డాయి. కోటు తడవలేదు గానీ మట్టి వాసన వచ్చింది. తర్వాత మబ్బు కర్ణాటక వైపు వెళ్ళిపోయింది. "ఆయప్పను చంపేసినారని నడమ చెప్పకుంటే బాగా పడేది" అని పెద్దన్న తీర్పు చెప్పి, అన్నం పెట్టించి పంపాడు.

ఇప్పుడు నేను పిల్లలకు చరిత్ర పాఠాలు చెబుతాను. క్లాసులో మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను. కానీ వాన ముఖం చాటేసిన ఏడు ఆ ఊరి నుంచి ఫోను వస్తుంది, వెళ్ళి మళ్ళీ అదే నాటకం ఆడతాం. అవ్వ ఇప్పుడు లేదు, ఆమె కూతురు ముందు వరసలో కూర్చుంటుంది. చిన్నాన్న కోటుకు గుండీలు పట్టడం లేదు, పొడుగోడికి మోకాళ్ళు వంగడం లేదు. పాదాలు అప్పటిలాగే మూటల పక్కన బయటికి కనిపిస్తూ ఉంటాయి. నేను మంచం కింద చూస్తాను, తెర వెనక చూస్తాను, బళ్ళారి బస్సు ఎన్నింటికని ఆ కూతుర్ని అడిగి, ఎడమవైపు నుంచి దిగిపోతాను.