తెల్ల బూట్ల దైవజనుడు

దొంగ బోధకుణ్ణి గుర్తుపట్టడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. బూట్లు చూస్తే చాలు. ముత్తుకూరు దగ్గర మా రేవంతా ఇసుకే. మా ఊరికొచ్చే బోధకుడు మాత్రం తెల్లటి బూట్లు తొడుక్కుని నాయుడుపేట నుంచి కారులో దిగేవాడు. తనను తానే దైవజనుడని చెప్పుకునేవాడు. మా రేకుల మందిరంలో ముసలి పాస్టరుగారు మైకు లేకుండా చెప్పే వాక్యం జనానికి చప్పబడి, సగం మంది అతను వేయించిన ప్రార్థన పందిట్లో చేరారు. అందులో నా తమ్ముడొకడు.

అతని బోధంతా ఒక్కటే. విశ్వాసముంటే ఏ కీడూ రాదు, వచ్చిందంటే విశ్వాసం లేనట్టే. వినడానికి ఎంత హాయిగా ఉందో! సిలువ మోయాలన్న మాట మాత్రం ఆ నోట ఒక్కసారీ వినలేదు.

తమ్ముడు పడవకు కొత్త ఇంజను బిగించిన వారమే వాయుగుండం పట్టింది. పోర్టులో హెచ్చరిక జెండా ఎగరేశారు. వేటకు పోవద్దని ఫోన్లకు మెసేజీలొచ్చాయి. ఊళ్ళో పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. ఆ పొద్దున దైవజనుడు సీసాతో నూనె తెచ్చి తమ్ముడి పడవ ముందుభాగానికి పూశాడు.

"యేసయ్య గాలిని గద్దించినాడా లేదా? జెండాకు భయపడేవాడు అవిశ్వాసి! పోండి వేటకు!" అని అరిచాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "గుడి పైనుంచి దూకమని సాతాను చెబితే ప్రభువు దూకినాడా?" అని అడిగాను.

"నువ్వు ఊరుకోక్కా! అయ్యగారినే ఎదురడుగుతావా?" అని తమ్ముడు కసిరాడు. ఇద్దరు పసిపిల్లల తండ్రి వాడు. వాడికేమన్నా అయితే ఆ ఇంటికి దిక్కు లేదు.

అయితే ఆ మహానుభావుడికి మా రేవు పద్ధతి ఒకటి తెలియదు. పడవను దీవించినవాడు ఆ పూట అందులో ఎక్కి తీరాలి. అతను ఎక్కకపోతే పడవ కదలదు. మా తాతల కాలంలో టెంకాయ కొట్టిన పూజారి ఎక్కేవాడు. మేం ప్రభువును నమ్ముకున్నాక పాస్టరుగారు పంచె ఎగ్గట్టి ఎక్కేవారు. దారంతా వాంతులు చేసుకుని, ఒళ్ళంతా తడిసి దిగేవారు. టెంకాయ పోయింది గానీ పద్ధతి పోలేదు.

తమ్ముడు పడవను నీళ్ళలోకి తోయించి, ఎంతో భక్తిగా చెయ్యందించాడు. "ఎక్కండి అయ్యగారూ."

"నేనా?"

"నూనె పూసింది మీరే గదా. మీరు ఎక్కకుండా మేం యాడికి పోతాం?"

అల ఒకటి వచ్చి బూట్లు తడిపింది. అంతే, నాయుడుపేటలో మీటింగు గుర్తొచ్చింది ఆయనకు. కారు వైపు పరుగెత్తబోయాడు గానీ, ఇసుకలో ఆ బూట్లతో పరుగు సాగదు. ఒకటి ఊడి అక్కడే ఉండిపోయినా, ఎలాగో కారెక్కి పోయాడు. పడవను మళ్ళీ పైకి లాగారు. సాయంత్రానికి సముద్రం పొంగి మా వలల పాకలను ఊడ్చుకుపోయింది.

ఇక తమ్ముడి కళ్ళు తెరుచుకున్నాయనుకున్నాను. ఆదివారం వాడు అదే పందిట్లో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాడు.

"దైవజనుడు పడవ ఎక్కకుండా మా ప్రాణాలు కాపాడినాడు."

"దేవుడు నాకు ముందే చూపించినాడు" అని ఆయన వినయంగా తలవంచాడు. కాళ్ళకు కొత్త బూట్లున్నాయి. పందిరంతా హల్లెలూయ!

అక్కడ ఉండలేక మా రేకుల మందిరానికి పోయాను. తమ్ముడు బతికినందుకు స్తోత్రం చెప్పాను. మళ్ళీ జెండా ఎగిరేనాటికి ఆ పిరికివాడికి ధైర్యం మాత్రం ఇవ్వొద్దు తండ్రీ అని మోకరించి వేడుకున్నాను.