పుస్తకంలోనే ఉంచేసిన చివరి చరణం

సహోదరులారా, సహోదరీలారా, నేనిలా మీ ముందు నిలబడి నోరు తెరిచి మాట్లాడుతున్నానంటే నాకే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. ఎందుకంటే బద్వేలు సంతలో ఒకనాటి మధ్యాహ్నం, చుట్టూ జనం మూగి ఉండగా, మైకు పట్టుకుని పల్లవి ఎత్తుకుంటే నా గొంతులో నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు! మళ్లీ ఎత్తుకున్నాను, మళ్లీ గాలే. మైకు చెడిపోయిందేమోనని మా ఆయన దాన్ని వేలితో తట్టాడు, అది బ్రహ్మాండంగా మోగింది. చెడిపోయింది నేను. జనం కాసేపు చూసి ఒక్కొక్కరే జారుకున్నారు, నేను మాత్రం చేతిలో భజన చెక్కలు పట్టుకుని దిష్టిబొమ్మలా అక్కడే నిలబడిపోయాను.

నా పేరు రూతమ్మ, మాది పత్తికొండ దగ్గర పల్లె. మా నాయన చెక్కభజన నేర్పేవాడు, చేతిలో చెక్కలు వాయిస్తూ గొంతెత్తి పాడడం ఆయన దగ్గరే అబ్బింది. పాటలు నేనే కడతాను, ప్రభువు మీదా కడతాను, మా మెట్టచేల మీదా కడతాను. వాటిని చిన్న పుస్తకాలుగా అచ్చు వేయించి, మోపెడ్ వెనుక పెట్టె కట్టుకుని, నేనూ మా ఆయనా సంతలూ సభలూ తిరిగి అమ్ముకుంటాం. అమ్మడానికి మాకొక పద్ధతి ఉంది. పాట పల్లవి నుంచి మొదలుపెట్టి చరణం చరణం పాడుకుంటూ పోయి, అందరి ప్రాణం పాట మీదికి వచ్చేసరికి ఆపేస్తాను. ఆఖరి చరణం పాడను. "మిగిలింది పుస్తకంలో ఉండాదమ్మా!" అని మా ఆయన కేకేస్తాడు. జనం నన్ను తిట్టుకుంటూనే పుస్తకం కొంటారు.

అసలు గొంతు బొంగురు పోవడం బద్వేలుకు ఎంతో ముందే మొదలైంది. అప్పుడే డాక్టరు దగ్గరికి పోయి ఉంటే సరిపోయేది, కానీ మా పాటగాళ్లకొక మూఢనమ్మకం ఉంది, గొంతు బిగిస్తే తెల్లవారుజామున ఊరి బయట బండ మీద నిలబడి పైస్థాయిలో అరిచి పాడితే అదే తెరుచుకుంటుందని. మా నాయన అలాగే చేసేవాడు, నేనూ అలాగే చేశాను. తెరుచుకోవడం కాదు, ఉన్నది కాస్తా మూసుకుపోయింది!

కర్నూలులో గొంతు డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, స్వరపేటిక మీద గడ్డ ఉందని, కోసి తీయాలని, తీసిన ముక్కను పరీక్షకు పంపితే గానీ అది మంచి గడ్డో చెడ్డ గడ్డో తెలియదని చెప్పాడు. "మళ్లీ పాడతాదా సార్?" అని మా ఆయన అడిగితే, "ముందు మాట రానీయప్పా" అన్నాడు.

కోత అయ్యాక, ఆయన చెప్పేదాకా ఒక్క మాట కూడా పలకకూడదన్నాడు, గుసగుసగా కూడా వద్దన్నాడు. సహోదరీలారా, మీకు తెలుసు కదా, మనం ప్రార్థనకు కూర్చుంటే వీధి చివరికి వినిపిస్తుంది! అలాంటి నేను పెదవి కదపకుండా మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది. గడ్డ చెడ్డదైతే ఏమిటి, మాట రాకపోతే ఏమిటి అని ఇవే రెండూ లోపల తిరుగుతుండేవి. నేను చేసిన ప్రార్థన భక్తిగా ఏమీ లేదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. "ప్రభువా, నువ్విచ్చిన గొంతు నువ్వే తీసుకో అనేంత పెద్దమనసు నాకు లేదు. నాకు కావాల. పాట లేకుంటే నేనెవురు?" అని లోపల్లోపలే పోట్లాడాను.

పరీక్ష ఫలితం ఇంకా రాకముందే ఒకరోజు మా ఆయన, "ఇంట్లో ఇట్లే కూచుంటే నీకు పిచ్చి లేస్తాది, రా" అని నన్ను మోపెడ్ ఎక్కించుకుని పత్తికొండ టమాటా మార్కెట్టుకు తీసుకుపోయాడు. నేను పాడలేను కాబట్టి తానే పుస్తకం తెరిచి, సుగ్గి పాట అందుకున్నాడు. సుగ్గి అంటే వానలు లేని ఏడు మా వైపు వాళ్లు ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరప కోతకు వలస పోవడం, ఆ బాధ మీద నేను కట్టిన పాట అది. మా ఆయనకు దేవుడు అన్నీ ఇచ్చాడు, రాగం ఒక్కటే మర్చిపోయాడు. ఆయన చదువుతుంటే నాకు పెట్టె కింద దూరిపోవాలనిపించింది.

అప్పుడు టమాటాలు ఏరుతున్న ఒకామె లేచి వచ్చింది. నాగమ్మ అని, మన సంఘం మనిషి కాదు, ఎప్పుడో మా దగ్గర పుస్తకం కొన్నదట. "ఏమప్పా, ధరలు చెప్తాండావా, పాట చెప్తాండావా? ఆపు!" అని, కొంగు దోపుకుని తానే ఎత్తుకుంది. గంపల దగ్గరున్న ఆడవాళ్లంతా గొంతు కలిపారు. చరణం చరణం పాడుకుంటూ నేను ఆపే చోటికి వచ్చారు, నేనూ అలవాటు కొద్దీ ఆగుతారనుకున్నాను. వాళ్లు ఆగలేదు.

"తాళమేసిన ఇంటి ముందర కావలుండే సామీ,
మేమొచ్చి గొళ్లెం తీసేదాకా యాడికీ పోవద్దు సామీ!"

ఆ చరణం నేను సంతలో ఎక్కడా పాడింది లేదు. పుస్తకంలో ఉన్నవి మాటలే, రాగం లేదు. మా ఆయన నోరు తెరిచి, "ఈ రాగం ఎవురు చెప్పినారమ్మా?" అని అడిగాడు. "ఎవురు చెప్పేది? మీరు సగంలో ఇడ్సిపెట్టి పోతిరి, మేమే పెట్టుకుంటిమి. మిరప చేలల్లో పుస్తకం చినిగిపాయ గానీ పాట ఉండాది. పొద్దు గూకితే మా ఊరి పక్కకు తిరిగి పాడుకుంటాము" అంది నాగమ్మ.

నేను మనసులో కట్టుకున్న రాగం కంటే బాగుంది! కొంచెం ఉడుకుమోత్తనం కూడా వచ్చింది, దాచడం ఎందుకు. ఏడుపు ముంచుకొచ్చింది, కానీ ఏడుపుకు కూడా శబ్దం చేయకూడదు కదా, కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ రోజు నుంచి పోట్లాట మానేసి, నేనే రాసి నేనే పాడని ఆ మాటలతోనే ప్రార్థించాను. యాడికీ పోవద్దు సామీ, యాడికీ పోవద్దు! భయం పోలేదు, కానీ భయంలో ఒంటరిగా లేను.

డాక్టరు రమ్మన్న రోజు వచ్చింది. మా ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆయన పెదవులు తెల్లగా పాలిపోయాయి. డాక్టరు కాగితం చూసి, "చెడ్డ గడ్డ కాదమ్మా" అన్నాడు. తర్వాత, "ఇప్పుడు ఒక మాట పలుకు, మెల్లగా" అన్నాడు. మొదటి మాట స్తోత్రం అని పలకాలని ఎన్నాళ్లుగానో అనుకుని ఉన్నాను. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మళ్లీ తెరిచాను. తలుపు దగ్గర మనిషి పడిపోయేలా ఉన్నాడు, ఆయన వైపు చూశాను, గొంతు గరగరమని, "దానియేలూ" అని వచ్చింది! మొగుడి పేరు నోట పలకని ఊళ్లో పుట్టినదాన్ని, పెళ్లయినప్పటి నుంచి "ఏమయ్యా" తప్ప పిలిచింది లేదు. ఆ మనిషి గోడకు ఆనుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. దేవునికే మహిమ!

ఇప్పుడు నా గొంతు మీరు వింటున్నదే, బొంగురు. పైస్థాయి పోయింది. మళ్లీ పత్తికొండలో నిలబడి పాడిన రోజు, సుగ్గి పాటలో ఎత్తైన చోట గొంతు తెగిపోయింది. అంతలోనే నాగమ్మా వాళ్లూ అందుకున్నారు, పాట కింద పడలేదు. ఇప్పుడు ఆఖరి చరణం ఎక్కడా దాచడం లేదు, వాళ్ల రాగంలోనే పాడుతున్నాను. పుస్తకాలు కొనేవాళ్లు ఎలాగూ కొంటున్నారు లెండి!

ప్రియులారా, మీలో ఎవరి ఇంటికి ఏ తాళం పడి ఉందో నాకు తెలియదు. రోగమో, దుఃఖమో, చెప్పుకోలేని ఇంకేదో. మీ ప్రార్థనకు శబ్దం రాకపోయినా సరే, ఆయన్ని నమ్మండి. నా గొంతుకు తాళం పడినన్నాళ్లూ నేను వాకిట్లో చూడలేదు గానీ, ఆయన అక్కడే ఉన్నాడు. యాడికీ పోలేదు.